గురవయ్య కాపలా కాసిన మూల

గురజాలలో గురవయ్య అంటే ‘ఏ గురవయ్య?’ అని అడుగుతారు. పార్కు గురవయ్య అంటే మాత్రం అడగరు, మొహం చిట్లిస్తారు. మనిషి అంత మంచి పేరు సంపాదించుకున్నాడు. పన్నెండేళ్లుగా ఆ పార్కుకి వాచ్‌మన్. పండగ లేదు, పబ్బం లేదు, ఒక్కరోజు సెలవు పెట్టి ఎరగడు. కూతురు శాంతి పెళ్లినాడు కూడా చర్చిలో ప్రార్థన అయిన వెంటనే కొత్త చొక్కాతోనే వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. పెళ్లివారు విందు తింటుంటే ఈయన ఇక్కడ ఈల ఊదుతున్నాడు.

ఇదంతా నాకెలా తెలుసంటే, నాది పార్కు ఎదురుగానే మోటారు వైండింగ్ షాపు. పేరు మౌలాలీ. కోపిష్టి మౌలాలీ అని కూడా అంటారు, అది అబద్ధమేమీ కాదు. ఇప్పుడంతా అయిపోయింది కాబట్టి కాలు మీద కాలేసుకుని చెబుతున్నాను గానీ, మొన్న మార్చిలో ఆ ఆదివారం మధ్యాహ్నం నా పై ప్రాణాలు పైనే పోయాయి. నేనే చెబుతానంటే గురవయ్య భార్య మణెమ్మ పిన్ని కూడా, ‘చెప్పు నాయనా, దాచింది చాలు’ అంది.

ముందు ఆ మూల సంగతి చెప్పాలి. పార్కులో ఈశాన్యం వైపు ఒక మూలకి గురవయ్య ఎవరినీ పోనిచ్చేవాడు కాదు. పిల్లలు అటు అడుగేస్తే చాలు, ముసలాయన కాళ్లకి చక్రాలొచ్చేవి. అక్కడ ముళ్లున్న కాగితం పూల చెట్లు తనే తెచ్చి నాటాడు. అయినా పిల్లలు ఆగరు కదా. దాంతో ఒకరోజు, ‘అక్కడ పాముందిరా, నా కళ్లతో చూశా’ అని చెప్పేశాడు.

ఆ అబద్ధమే ఆయన కొంప ముంచింది. పిల్లలు ఇంటికెళ్లి చెప్పారు. ఆ ఏడాది నాగుల చవితికి పొద్దున్నే పది మంది ఆడవాళ్లు పాలు, కోడిగుడ్లు పట్టుకొని గేటు దగ్గర నిలబడ్డారు. మరుసటి ఏడు యాభై మంది. చెట్లకి పసుపు తాళ్లు కట్టడం, దండం పెట్టి రూపాయి బిళ్లలు విసరడం మొదలైంది. ప్రతి ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషి ఊరికి ఒక నాగమ్మని తయారు చేశాడని పాస్టర్ గారు కూడా పిలిచి మందలించారు. గురవయ్య తల వంచుకుని విన్నాడు. వచ్చి మళ్లీ ఆ మూల దగ్గరే కుర్చీ వేసుకున్నాడు.

ఇక నా డిటెక్టర్ గురించి. పొలాల్లో భూమిలో పాతిన మోటారు కేబుల్ ఎటు పోయిందో వెతకడానికి ఆన్‌లైన్‌లో ఆరు వేలు పెట్టి తెప్పించాను. కేబుళ్లకంటే మిరపకాయలు కోసే ఆడకూలీల చెవి కమ్మలు ఎక్కువ దొరికాయి దాంతో. ఆ పనికి నేను డబ్బులు తీసుకోను, టీ ఇస్తే తాగుతాను. కానీ ఈ మిషన్ ఉందని తెలిసిన దగ్గర్నుంచి గుప్తనిధుల గాళ్లు నా వెంట పడ్డారు. ఫలానా గుట్ట మీద రాయి ఉంది, దాని మీద గుర్తు ఉంది, రా మౌలాలీ, సగం నీకు. వాళ్లని నేను తిట్టిన తిట్లు మా ఆవిడ అబిదా చెవులు మూసుకుని వినేది.

అందుకని ఆ బుధవారం గురవయ్య వచ్చి, ‘అబ్బాయ్, నీ మిషన్ నాలుగు రోజులు కావాల’ అనేసరికి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“నువ్వు గూడా నిధులోళ్లలో చేరావా బాబాయ్?”

“నిధులు కాదురా. పాత బిళ్లలు. ఈ పార్కు ఒకప్పుడు సంత బీడు గదా. చానా పడుంటాయి లోపల. ఫోన్లో చూళ్లా, పాత బిళ్లలకి లక్షలిస్తన్నారంట.”

ఆ వీడియోలు నేనూ చూశాను. ట్రాక్టరు బొమ్మ నోటుకి ఇంత, ఫలానా బిళ్లకి అంత అని చెప్పి ముందు మన దగ్గరే వెయ్యి రూపాయలు లాగే బాపతు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టుంది వ్యవహారం. అదే మాట మొహం మీదే అన్నాను. ఆయన కదల్లేదు. షాపు మెట్టు మీద కూర్చుని, “సోమారం జేసీబీ వస్తందిరా” అన్నాడు.

ఆ సంగతి నాకూ తెలుసు. పార్కులో ఓపెన్ జిమ్ము పెడుతున్నారు. కాంట్రాక్టరు మనిషి రాజేష్ వచ్చి కొలతలు వేసి ఈశాన్యం మూలే ఖాయం చేశాడు. గురవయ్య పాముందన్నాడు. పాములు పట్టేవాళ్లని పిలిపిస్తానన్నాడు రాజేష్. అక్కడ ఆడవాళ్లు పూజ చేసుకుంటారన్నాడు గురవయ్య. నువ్వు చర్చికి పోతావుగా, నీకెందుకన్నాడు రాజేష్. దాంతో ముసలాయన నా దగ్గరికొచ్చాడు.

“జేసీబీ తవ్వితే బిళ్లలన్నీ మట్టిలో కలిసిపోతయి. ఈ లోపలే చూడాల” అన్నాడు నాతో.

మిషన్ ఒక్కడి చేతికివ్వడం నాకిష్టం లేదు. పార్కు పదకొండింటికి మూసి నాలుగింటికి తెరుస్తారు. ఆ టైములో నేనే వస్తానన్నాను. గురువారం నుంచి మొదలుపెట్టాం.

ఎండ సంగతి చెప్పక్కర్లేదు. పైగా ఆ మూలలో మిషన్ అడుగడుగునా కూయడమే. ఎందుకు కూయదు? పదేళ్ల నుంచి నాగమ్మకి విసిరిన రూపాయి బిళ్లలన్నీ అక్కడే ఉన్నాయి. ఆయన చెప్పిన అబద్ధానికి ఆయనే వంగి వంగి ఏరుకున్నాడు. రెండు రోజుల్లో ఒక చిన్న బకెట్టు నిండింది. ఆ పై పొర పోయాక నిజంగానే పాతవి తగలడం మొదలైంది. పూల అంచు పది పైసలు, ఆరు మూలల ఇరవై పైసలు, ఒక గుర్రపు నాడా, ఎద్దు మెడ గంట నాలుక. శనివారం ఒక చిల్లి కాణి దొరికింది. మధ్యలో బెజ్జం, చుట్టూ ఆకుల దండ, తుడిస్తే రాగి రంగు. ఎనభై ఏళ్ల నాటిది. నాకే మనసు లాగింది.

గురవయ్య దాన్ని చూడను కూడా చూడలేదు. “నువ్వుంచుకో” అన్నాడు. “పెద్దదేం మోగట్లేదా?”

అక్కడ నాకు అనుమానం తగిలింది. లక్షల కోసం వెతికేవాడు కాణి దొరికితే చేతిలో వేసి పోతాడా? పైగా మిషన్ గట్టిగా కూసిన ప్రతిసారీ ఆయన నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగేవాడు. నన్ను తవ్వనిచ్చేవాడు కాదు. చిన్న పుల్లతో, బోర్లా పడుకుని, పైపైన గీకేవాడు. ఒళ్లంతా చెమట. బిళ్లే అని తెలిసేదాకా ఊపిరి తీసేవాడు కాదు. ఇదేం పద్ధతని అడిగితే, “బిళ్ల మీద గీత పడితే ధర పోయిద్దంట” అన్నాడు. సర్లే, ముసలాయన చాదస్తం అనుకున్నాను. నా బుద్ధికి చెప్పు తీసుకుని కొట్టాలి.

ఆదివారం ఆరాధన అయ్యాక వచ్చాడు. చివరి రోజు. రెండు దాటింది. గోడకి నాలుగడుగుల దూరంలో, ఎర్ర కాగితం పూల చెట్టు మొదట్లో, మిషన్ ఆగకుండా మోగింది. బిళ్లకి మోగినట్టు కాదు. ఇటు జానెడు జరిపినా అటు జానెడు జరిపినా అదే మోత. అడుగున్నర వెడల్పు ఉంటుంది లోపలున్నది.

“బాబాయ్, బిందెలాంటిదేదో ఉంది” అన్నాను. నిధులోళ్లని అన్నన్ని తిట్లు తిట్టినవాణ్ణి, నాకే చేతులు దురద పెట్టాయి. గోడకి ఆనించిన గునపం తీసుకుని పైకెత్తాను.

గురవయ్య వచ్చి సరిగ్గా ఆ మోగిన చోట మోకాళ్ల మీద కూలబడ్డాడు. “నన్ను పొడువు, భూమిని పొడవబాక” అన్నాడు.

నాకేమీ అర్థం కాలేదు. గునపం కింద పెట్టమని దండం పెట్టాడు. పెట్టాను. వాచ్‌మన్ గది దాకా నన్ను నడిపించుకుని పోయి, గది వెనక గోడకి చేరగిలబడి అప్పుడు చెప్పాడు.

“అది బాంబుల డబ్బారా.”

ఇరవై ఆరేళ్ల కిందటి మాట. మా ప్రాంతంలో ఎన్నికలంటే అప్పట్లో ఎలా ఉండేదో ఇక్కడి వాళ్లకి చెప్పక్కర్లేదు. గురవయ్య అప్పుడు పక్క ఊళ్లో ఒక పెద్దమనిషి దగ్గర జీతానికి ఉండేవాడు. కాపురం మాత్రం గురజాలలోనే, ఈ బీడు పక్కనే ఉన్న కాలనీలో. గొడవలు ముదిరి పోలీసులు ఇల్లిల్లూ వెతుకుతుంటే, ఆ పెద్దమనిషి ఒక డబ్బా ఇచ్చి, ‘మన ఊళ్లో ఉండకూడదు, ఎక్కడన్నా పూడ్చిరా, అడిగినప్పుడు తెద్దువు’ అన్నాడు. లోపలున్నవి నాటు బాంబులు. కాదంటే కూడు లేదు, ఆ పైన ప్రాణమూ ఉండదు. మిరపకాయల టిక్కీ బస్తాలో పెట్టి సైకిలు మీద తెచ్చి ఈ బీడులో పూడ్చాడు.

“తర్వాత ఆయన అడగలేదా?”

“ఏడాదికే పక్షవాతమొచ్చి పోయాడు. మిగతావోళ్లు తలా ఒక దిక్కు పోయారు. నేనొక్కణ్ణే మిగిలా. తీద్దామని రెండుసార్లు పోయా. యాడో పాత బాంబు తీయబోయి చేతులు పోగొట్టుకున్నోణ్ణి చూశా గదా. చెయ్యి ఆడలా. పోలీసులకి చెబితే పిల్లలు చిన్నోళ్లు. ఆనక పార్కన్నారు. ట్రాక్టర్లతో మన్ను తోలారు. గుర్తుకి పెట్టిన బండ పోయింది. ఇంక కాపలా కాయడమే గదా నేను చేయగలిగింది. అందుకే ఈ ఉద్యోగంలో చేరా. జేసీబీ రాకముందే అది యాడుందో తెలుసుకుందామని బిళ్లల అబద్ధం చెప్పి నీ మిషన్ అడిగా.”

నాకు కోపం ఎలా వచ్చిందో చెప్పలేను. “నాలుగు రోజుల నుంచి నన్ను బాంబుల మీద నడిపించావా? నాకు పెళ్లాం పిల్లలు లేరనుకున్నావా? ఇన్నేళ్లు ఊళ్లో పిల్లలంతా దాని పక్కనే ఆడారు కదయ్యా” అని నోటికొచ్చింది అన్నాను.

“అందుకేగా ఈల ఊదింది” అన్నాడు, అంతే.

పన్నెండేళ్లుగా ఆ ఈలని నేను ఎన్నిసార్లు తిట్టుకున్నానో లెక్క లేదు.

ముందు నుయ్యి, వెనుక గొయ్యి. చెప్పకపోతే పొద్దున్నే జేసీబీ పన్ను దాని మీద పడుతుంది. డ్రైవరుంటాడు, కూలీలుంటారు. చెబితే ఈయన జైలుకి. నేను చెప్పకముందే గురవయ్య లేచాడు. ఖాకీ చొక్కా విప్పి మడత పెట్టి గదిలో కుర్చీ మీద పెట్టాడు. “పద అబ్బాయ్, స్టేషనుకి పోదాం. ముందు మీ పిన్నికి ఒక మాట చెప్పి పోతా. రాత్రికి ఇంటికి రానని తెలియాల గదా” అన్నాడు.

నేను గేటుకి తాళం వేశాను. రెండు సార్లు లాగి చూశాను.

మణెమ్మ పిన్ని వాకిట్లో గోనెపట్టా పరుచుకుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. కొడుకు విజయ్ కుమార్ పిడుగురాళ్లలో లారీ నడుపుతాడు, ఇంట్లో లేడు. గురవయ్య ఆమె ఎదురుగా నిలబడి, చేతులు కట్టుకుని, పాస్టరు ముందు నిలబడ్డట్టే చెప్పుకుపోయాడు. పెద్దమనిషి, సైకిలు, డబ్బా, పాము అబద్ధం, రేపటి జేసీబీ. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు, ఆయన అదీ చూసుకోలేదు.

“ఇన్నేళ్లు నీ దగ్గర దాచా మణెమ్మా. ఇప్పుడు పోయి ఒప్పుకుంటా. విజయ్‌కి నువ్వే చెప్పు.”

ఆమె చేతిలో కాయ చేతిలోనే ఉంది. తల ఎత్తి మొగుణ్ణి చూసింది.

“ఏందీ, ఆ నూనె డబ్బా సంగతా?” అంది. “మూత చుట్టూ తారు పూసింది?”

గురవయ్య నాకేసి చూశాడు. ఆయన నూనె డబ్బా అని నాతోనూ అనలేదు, ఆమెతోనూ అనలేదు. తారు మాట అసలే ఎత్తలేదు.

“నీకెట్టా తెలుసే?”

“నువ్వు పూడుస్తుంటే చూశా. అటు బయటికి పోయి వస్తన్నా, మసక చీకట్లో సైకిలు మన్దే అనిపించింది. మూడు దినాలు ఆలోచించా. విజయ్‌గాడు, శాంతి ఆ బీడులోనే గదా పొద్దస్తమానం మట్టి తవ్వుకుంటా ఆడేది. నాలుగో దినం నువ్వు పన్లోకి పోయినాక తవ్వి తీశా.”

“తీశావా?”

“తీసి ఏం చేశానని అడుగు. లోపలి బాంబులు తడి బట్టల కింద తట్టలో పెట్టుకొని, దినానికి కొన్ని చొప్పున నాలుగు దినాలు మోశా. మనం బట్టలుతికే క్వారీ గుంట కాదు, దానవతల లోతు గుంట, ఎవురూ దిగంది. అందులో వదిలా. తర్వాత సున్నం బట్టీలోళ్లు ఆ గుంటని బూడిద తోలి పూడ్చేశారు. ఇప్పుడు దాని మీద లారీల షెడ్డుంది.”

నేను అరుగు మీద కూర్చున్నాను. “మరి ఇందాక మోగింది ఏంది పిన్నీ?”

“డబ్బా. ఉత్త డబ్బా. అది తీసేస్తే ఈయన చూసుకుంటాడు, కంగారుపడి మళ్లీ వాళ్ల దగ్గరికి పోతాడు. అందుకని మన్ను నింపి మూత పెట్టి అట్టనే పూడ్చా.”

“భయమేయలా?” అన్నాడు గురవయ్య.

“వెయ్యకేం. ఆ నాలుగు దినాలు అన్నం ముట్టలా. నువ్వు గూడా ముట్టలా అప్పుడు. ఇద్దరం తినలా, ఎందుకు తినలేదని ఒకళ్లనొకళ్లం అడగలా.”

ఆయన ఇంకా నమ్మలేదు. నిజం చెప్పాలంటే నేనూ నమ్మలేదు. ఇరవై ఆరేళ్ల మాట, ముసలమ్మ ఏదో కలిపి చెబుతుందేమో. మణెమ్మ పిన్నికి మా మొహాలు చూస్తే అర్థమైపోయింది. ఒళ్లో కాయలు దులిపి లేచి, చీర కుచ్చిళ్లు ఎగదోపి, “రండి” అని ముందు నడిచింది.

గేటు తాళం తీశాను. ఆమె సరాసరి పోయి గునపం అందుకుంది. నేను వాచ్‌మన్ గది వెనక్కి చేరి, తల ఒక్కటి బయట పెట్టి చూశాను. సిగ్గేముంది, ప్రాణం తీపి. గురవయ్య మాత్రం ఆమె పక్కనే నిలబడ్డాడు. ‘నువ్వు జరుగు, నేను తవ్వుతా’ అని గునపం లాక్కోబోయాడు. ఆమె ఇవ్వలేదు. మోకాలి లోతు తవ్వేసరికి ఖంగుమంది. నేను కళ్లు మూసుకుని కలిమా చదివాను.

కళ్లు తెరిచేసరికి ఆమె తుప్పు పట్టిన మూతని గునపం కొనతో లేపుతోంది. లోపల మన్ను. ఎర్ర మన్ను, గట్టిపడి ఇటుకలా ఉంది. గురవయ్య కూర్చుని చేత్తో తోడటం మొదలుపెట్టాడు. గుప్పెడు, గుప్పెడు, అడుగు కనపడేదాకా. రేకు అడుగు కనపడ్డాక కూడా దాన్ని అరచేత్తో తడిమాడు. అప్పుడు ఏడ్చాడు. మగవాడు అలా బయటికి ఏడవడం మా నాన్న చావప్పుడు తప్ప నేను చూడలేదు. నాకూ ఆగలేదు. వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను. గుండెల మీది బండ దిగితే మనిషి ఎంత తేలికవుతాడో ఆ గుంట పక్కన కూర్చున్నాకే తెలిసింది. రాజేష్ జేసీబీ ఎన్ని అడుగులైనా తవ్వుకోనీ. స్టేషనుకి పోయి చెప్పడానికి డబ్బాడు మట్టి తప్ప ఏమీ మిగల్లేదు.

ఏడుపు తగ్గాక గురవయ్య అడిగాడు. “ఇన్నేళ్లు నాకెందుకు చెప్పలా?”

“అప్పుడు చెబితే నీ మొహంలో కనపడేది. వాళ్లు డబ్బా ఏదిరా అంటే నువ్వు తడబడేవోడివి, నిన్ను బతకనిచ్చేవోళ్లు కాదు.”

“ఆయన పోయినాక?”

మణెమ్మ పిన్ని చేతుల మట్టి దులుపుకుంది.

“పోయినాక నువ్వు మారావు. చర్చికి రావడం పట్టావు. పిల్లల్ని చదివించావు. పార్కులో కొలువంటే, చెట్లంటే ఇష్టమేమో అనుకున్నా. పాముందంటే నిజంగా ఉందనే అనుకున్నా. ఇప్పుడు పాతది ఎత్తి ఇట్టాంటి పని చేశావంట గదా అని అడిగితే నా ముందర సిగ్గుపడతావని అడగలా.”

గురవయ్య డబ్బా వైపే చూస్తూ కూర్చున్నాడు.

“సిగ్గుపడితే పడేవోణ్ణి మణెమ్మా” అన్నాడు. “నిద్రన్నా పట్టేది.”

ఆమె ఆయన పక్కన చతికిలబడి, కొంగుతో ఆయన చేతులు తుడిచింది. ఒక్కో వేలూ తుడిచింది. తర్వాత కాగితం పూల చెట్టు నీడ చూపించింది.

“ఇంకా గంట టైముంది. నాలుగింటికి గేటు నేను తీస్తాలే. పడుకో.”

ఆయన అక్కడే పడుకున్నాడు. నేను మిషన్ భుజానేసుకుని వచ్చేశాను.